గజ్జెలు కట్టుకున్న దేవదూత

నేను ఒక దేవదూతను. ఆకాశం నుంచి దిగివచ్చానని చేతులు జోడించకండి, నేనుండేది వీడియో గేమ్‌లో. శుభవార్త వచ్చేసరికి విశాఖపట్నంలో ఒక అద్దె ఫ్లాట్‌లో, టీవీ తెర మీద, కొండ అంచున రెక్కలు ముడుచుకుని నిలబడి ఉన్నాను. సోఫాలో కూర్చున్న ఫణీంద్ర ఫోన్ చూసుకుని ఒక్క కేక పెట్టాడు.

"తన్మయీ! మూడో భాగం వచ్చేసిందట! రేపే డిస్క్ మనింటికి వస్తుంది!"

వంటింట్లో పకోడీ వేయిస్తున్న తన్మయి జల్లిగరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. కొత్త పెళ్లికూతురు. పెళ్లినాటి గోరింటాకు గోళ్ల చివర ఇంకా ఎర్రగానే ఉంది. మొగుడూ పెళ్లాలిద్దరూ చేతులు పట్టుకుని సోఫా చుట్టూ ఒక చుట్టు తిరిగేశారు.

"అయితే ఈ సాయంత్రమే రెండో భాగం గెలిచేయాలి. గెలిస్తేనే కదా నా వీరవనిత మూడో భాగంలోకి వెళ్లేది! ఒక్క తలుపే మిగిలింది. ఏం మరిదిగారూ, సిద్ధమేనా?" అంటూ నావైపు గరిటె ఊపింది.

మరిదిగారంటే నేనే. పెళ్లికి ముందునుంచీ ఆమె మొగుడి వెంట ఉన్నానని నాకు ఆ వరస కలిపింది. ఇల్లంతా సంబరపడుతుంటే నాకు మాత్రం సిగ్గుతో నేలలోకి కుంగిపోవాలనిపించింది. ఆ తలుపు దగ్గర ఏం జరుగుతుందో నాకు తెలుసు, ఆమెకు తెలియదు.

నన్ను హైదరాబాదులో ఒక స్టూడియోలో గీశారు. వసుమతి అనే చిత్రకారిణి, కిటికీ బయట ఏసీ పెట్టె మీద కాపురం పెట్టిన పావురాన్ని చూసి నా రెక్కలు దిద్దింది. ఒక్కో ఈకా విడివిడిగా గాలికి కదలాలని పట్టుబట్టింది. మొరాయించిన కంప్యూటర్‌ను బతిమాలుకుని మరీ సాధించింది. విమలుడని పేరు పెట్టింది. 'వజ్రకోట' ఆట మొదటి భాగమంతా నేను ఆడేవాళ్ల వెంట నడిచి, పడిపోతే లేపి, రాక్షసులకు అడ్డం నిలబడ్డాను. జనానికి నేను తెగ నచ్చాను. వచ్చిన చిక్కల్లా అదే.

రెండో భాగానికి కథ అల్లేవాళ్లు మిర్చిబజ్జీలు తింటూ కూర్చున్నారు. "వీడు మరీ మంచివాడు, బోర్ కొడుతున్నాడు. చివర్లో వెన్నుపోటు పొడిపిద్దాం" అన్నాడొకడు. అందరూ భలే అన్నారు. అంతే, నా స్వభావం మారిపోయింది. ఒకణ్ని మంచివాడిగా గీయడానికి ఎంతకాలం పట్టిందో వసుమతికి తెలుసు. చెడగొట్టడానికి ఒక పొట్లం బజ్జీలు చాలాయి. ఆమె తన బల్ల దగ్గరికి వెళ్లి, వాళ్లు అడిగిన నవ్వు నా పెదాల మీద అలాగే పెట్టి, కళ్లు మాత్రం కాస్త కిందికి దించింది. ఎవరూ గమనించలేదు.

ఫణీంద్ర ఈ రెండో భాగం డిస్క్‌ను కాకినాడలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు కొన్నాడు. హాస్టల్లో నేను తిరగని గది లేదు. ప్రతి గదిలోనూ ఒకటే తంతు. ముందు నన్ను నమ్మేవారు. ఆఖరి తలుపు దగ్గర నేను తిరగబడేవాణ్ని. వాళ్లు వసుమతి వినకూడని తిట్లన్నీ తిట్టి, కిందామీదా పడి ఓడించేవారు. అప్పుడు తెర మీద రెండు మాటలు వస్తాయి: 'సంహరించు', 'క్షమించు'. సంహరిస్తే నా రెక్కలు ఊడదీసి తగిలించుకుని ఎగరొచ్చు. క్షమిస్తే ఏమీ రాదు. క్షమించినవాడు ఆ హాస్టల్లో ఒక్కడూ లేడు. ఫణీంద్ర కూడా నా రెక్కలతోనే ఎగిరాడు. వాళ్లను తప్పుపట్టను. నేను చేసిన పని అలాంటిది.

తన్మయి దారి వేరు. ఆట మొదలుపెట్టిన రోజే మొగుడి చేయి తన నెత్తిన పెట్టించుకుని, "కథ ముందుగా చెప్పనని నామీద ఒట్టు వెయ్" అంది. కొత్త మొగుడు కదా, వేసేశాడు. ఇక ఆమె దొరికిన మంచి వస్తువల్లా నాకే ఇవ్వడం మొదలుపెట్టింది. పిడుగు కత్తి నాకు. మంచు కవచం నాకు. తను మాత్రం తుప్పుపట్టిన బల్లెంతో, తోలు చొక్కాతో తిరిగేది.

"ఆ కత్తి నువ్వే ఉంచుకోవచ్చుగా" అని ఫణీంద్ర నీళ్లు నమిలేవాడు.

"ముందు నిలబడి దెబ్బలు తినేది మా మరిది. పాపం, ఉండనీ."

"అది కాదు తన్మయీ..."

"ఏది కాదు? కథ చెప్తున్నావా? ఒట్టు!"



ఆటలోని సంతలో వెండి గజ్జెలు కనబడితే అవి కూడా నా కాళ్లకు కట్టింది. వాటివల్ల బలం పెరగదు, దెబ్బ ఆగదు. నడిస్తే ఘల్లుమంటాయి, అంతే. ఆ చప్పుడు కోసం కొండ మీద నన్ను ఊరికే అటూ ఇటూ నడిపించి మురిసిపోయేది. 'వద్దమ్మా, ఇవన్నీ నీ మీదికే వస్తాయి' అని చెబుదామంటే నాకు రాసిచ్చిన మాట ఒక్కటే: "నేనుండగా నీకు భయం లేదు." అదే అనేవాణ్ని. అన్న ప్రతిసారీ సిగ్గుతో చచ్చిపోయేవాణ్ని.

ఆ సాయంత్రం ఆఖరి తలుపు తెరుచుకుంది. నేను వెనక్కి తిరిగి, ఆమె ఇచ్చిన కత్తిని ఆమె మీదే ఎత్తాను.

"ఏయ్, ఇటు కాదు మరిదీ, రాక్షసుడు అటు..."

మొదటి దెబ్బకే ఆమె వీరవనిత పడిపోయింది. తన్మయి కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని మొగుడివైపు తిరిగింది.

"నీకు ముందే తెలుసా?"

"నీమీద ఒట్టు వేశానుగా..."

"ఏడడుగులు నడిచి ఇంత మోసమా! ఇద్దరికిద్దరూ సరిపోయారు, అన్నదమ్ములేగా!" అంది. తమాషాకే మొదలుపెట్టింది గానీ చివరి మాట తమాషాగా లేదు.

ఫణీంద్ర తల దించుకున్నాడు. నాకు ఆ వీలు కూడా లేదు. తల దించుకున్న భంగిమ నాకెవరూ గీయలేదు. కత్తి ఎత్తి, నవ్వుతూ, అలాగే నిలబడ్డాను.

"ఇలా ఇవ్వు, నేను గెలిపిస్తా" అన్నాడు.

"అక్కర్లేదు. మా మరిదితో నేనే తేల్చుకుంటా."

మళ్లీ ఆడింది, మళ్లీ పడింది. పకోడీ చల్లారిపోయింది. ఈసారి పంతంగా నిలబడి కొంతసేపు నెగ్గుకొచ్చింది. అప్పుడు నేను నా చివరి మాయ చేయాలి. దీపాలన్నీ ఆర్పేశాను. తెరంతా నల్లబడింది. ఆ చీకట్లో వెనకనుంచి వెళ్లి పొడవాలి. హాస్టల్ వీరులందరూ గుడ్డిగా కత్తి తిప్పింది ఇక్కడే. ఒక అడుగు వేశాను.

ఘల్లు.

తన్మయి వేళ్లు ఆగిపోయాయి. "ఫణీ, ఫ్యాన్ ఆపు. సౌండ్ పెంచు."

అతను ఒక్క గెంతులో రెండూ చేశాడు. ఇల్లు నిశ్శబ్దమైంది. ఇంకో అడుగు వేశాను. ఎడమవైపు ఘల్లుమంది. బల్లెం ఎడమకు తిరిగి నన్ను తాకింది. కుడివైపు జరిగాను, బల్లెమూ జరిగింది. దెబ్బ తింటూ ఇంత సంతోషపడినవాడు నాకు ముందు లేడు. ఎందుకూ పనికిరాదనుకున్న ముచ్చటే నన్ను పట్టిచ్చింది. మోకాళ్ల మీద కూలాను.

తెర మీద ఆ రెండు మాటలూ వచ్చాయి.

"ఇప్పుడు చెప్పొచ్చా? సంహరిస్తే రెక్కలు వస్తాయి. క్షమిస్తే ఏమీ రాదు" అన్నాడు ఫణీంద్ర.

"నువ్వేం చేశావు?"

"రెక్కలు తీసుకున్నాను."

"తీసుకునే ఉంటావు." ఆమె తెరకు దగ్గరగా వెళ్లి నా ముఖం చూసింది. "నోరు నవ్వుతోంది గానీ, కళ్లు చూడు. చేసిన పని ఇతనికే నచ్చలేదు." క్షమించు నొక్కింది.

బాకాలు మోగలేదు, రెక్కలు రాలేదు. నేను లేచి ఆమె వెనక నిలబడ్డాను. చంపినవాళ్ల దగ్గర ఇంత సిగ్గుపడలేదు. మూడో భాగంలో నాకేం రాసిపెట్టారో, ఆ రోజు ఏం తింటూ రాశారో నాకు తెలియదు.

"ఇతన్ని మూడో భాగంలోకి తీసుకెళ్తున్నాం" అంది తన్మయి.

"మళ్లీ పొడిస్తే?"

"కత్తి నా దగ్గరే ఉంచుకుంటా. గజ్జెలు మాత్రం విప్పను." చల్లారిన పకోడీ ఒకటి తీసి మొగుడి నోట్లో పెట్టింది. "రేపు డిస్క్ వచ్చేలోపు పూర్ణామార్కెట్‌కి వెళ్దాం. నీకూ ఒక జత కొనాలి."