రెండు ఊళ్లకు ఒప్పుకున్న పిల్ల

రెండువేల ఇరవైనాలుగు నవంబరు ఇరవైనాలుగో తేదీ, ఆదివారం ఉదయం. గుడివాడ ఆటస్థలం పక్కన నెట్లూ బంతులూ దాచుకునే పొడుగాటి గదిలో ఆరుగురు సమావేశమయ్యారు. బల్లకు అవతల భుజంగరావు గారు. గుడివాడ బాలికల హాకీ జట్టుకు శిక్షకుడు, జిల్లా జట్టు జాబితా సిద్ధం చేసే బాధ్యతా ఆయనదే. ఆయన పక్కన అవనిగడ్డ నుంచి వచ్చిన నరేంద్ర. దివిసీమ ఆడపిల్లలను కూడగట్టి జట్టు నిలబెట్టిన యువకుడు. బల్లకు ఇవతల బందరు చిలకలపూడిలో రోల్డుగోల్డు గొలుసులు చేసే షేక్ జానీ, అతని భార్య ఖైరున్ బీ, పదిహేనేళ్ల కూతురు నాజ్నీన్. కుర్చీలు చాలక, చుట్టిపెట్టిన నెట్టు మీద కూర్చున్నది వాళ్ల వీధి చివరింటి పిల్ల సుమతి.

బల్లమీద తెల్లకాగితం ఒకటి, అది ఎగిరిపోకుండా పైన హాకీ బంతి ఒకటి ఉన్నాయి. జిల్లా జాబితా మర్నాడు వెళ్లిపోతుంది. అందులో నాజ్నీన్ పేరు ఉంటుందా, ఉండదా అన్నది ఆ కాగితం మీద ఏం రాస్తారన్నదాన్ని బట్టి తేలుతుంది. అంతవరకు జానీకి అర్థమైంది. తాను చేసిన తప్పేమిటన్నది మాత్రం అర్థం కాలేదు.

"మొదట్నుంచీ చెప్పండి జానీ గారూ," అన్నారు భుజంగరావు గారు. "దాచకుండా."

"దాచేదేముందండీ? ఇద్దరికీ మాటిచ్చాను. ఇద్దరికీ మనిషిని పంపాను. ఎవరికీ లోటు చెయ్యలేదు గదండీ."

నరేంద్ర కుర్చీలోంచి సగం లేచాడు. "లోటు చెయ్యలేదా? హెల్మెట్ తీస్తే లోపల వేరే పిల్ల ఉంది బాబాయ్!"

"ఆ వేరే పిల్లే గదా నీకు కప్పు తెచ్చిపెట్టింది," అంది ఖైరున్ బీ.

"మీరుండండి పిన్నీ. ఆ కప్పు వెనక్కి ఇచ్చేసొచ్చాను. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు నాకు."

నెట్టు మీద సుమతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికో, భయపడో జానీ పోల్చుకోలేకపోయాడు. ఆ వారమంతా అతను ఏదీ సరిగా పోల్చుకోలేకపోతున్నాడు.

చిలకలపూడిలో పని జరిగే పద్ధతి ఇది. దుకాణదారు వచ్చి ఇన్ని గొలుసులు కావాలంటాడు. కాదనే ఆచారం లేదు. పెళ్లిళ్ల రోజుల్లో ఒకే వారానికి ముగ్గురు వచ్చి అడిగినా ముగ్గురికీ "తప్పకుండా" అనే చెబుతారు. తరువాత ఆ పనిని వీధిలో పంచుతారు. తీగ ఒక ఇంట్లో చుడతారు, రింగులు మరో ఇంట్లో కలుపుతారు, అతుకు ఇంకో ఇంట్లో వేస్తారు. పూత వేయించి పెట్టెలో సర్దేసరికి అది ఎవరి చేతి పనో ఎవరికీ పట్టదు. మాట నిలబడిందా, సరుకు అందిందా అన్నదొక్కటే లెక్క. జానీ తండ్రి అలాగే బతికాడు, జానీ అలాగే బతుకుతున్నాడు. ఆ వీధిలో "కుదరదు" అన్నవాడి గుమ్మం తొక్కడానికి మరెవరూ రారు.

అయితే అన్నేళ్ల పనిలోనూ అతని పేరు ఎక్కడా లేదు. గొలుసు కింద పెట్టే అట్టముక్క మీద దుకాణం పేరు ఉంటుంది. ఎవరి మెడలోనైనా తన చేతి గొలుసు కనబడితే జానీకి అది తనదని తెలుస్తుంది. ఆ మెడకు తెలియదు. అలాంటివాడి ఇంటికి రెండేళ్ల క్రితం ఒక సాయంత్రం భుజంగరావు గారు స్వయంగా వచ్చి, "నాజ్నీన్ కావాలండీ మాకు," అన్నారు. గొలుసులు కాదు, సరుకు కాదు, పేరు పెట్టి పిల్లను అడిగారు. జానీ ఆయన్ను కూర్చోమనడం కూడా మరిచిపోయి "తప్పకుండా" అనేశాడు.

నాజ్నీన్ బడిలో ఆడుతుండగా ఎలాగో గోలు ముందు నిలబడింది. గోల్‌కీపర్‌గా ఉండడానికి ఏ పిల్లా ఇష్టపడదు. ఒంటినిండా దిండ్లు కట్టుకుని ఒక్కచోట నిలబడి దెబ్బలు కాచుకోవాలి. అందుకే కీపర్ అంటే ప్రతి జట్టూ ఎగబడుతుందని జానీ త్వరగానే కనిపెట్టాడు. ఫార్వర్డ్‌లు వీధికొకరు దొరుకుతారు, కీపర్ దొరకదు. బజారులో లేని సరుకు తన ఇంట్లో ఉందని తెలిసిన మనిషి ఊరుకుంటాడా? బందరులో బడి జట్టు ఉండనే ఉంది. గుడివాడ చేరింది. ఏడాది తిరక్కుండా నరేంద్ర వచ్చి దివిసీమకు అడిగితే, దానికీ ఒప్పుకున్నాడు.

అప్పటి నుంచీ తెల్లవారుజామున చిలకలపూడి స్టేషన్‌లో మొదటి రైలు, వడ్లమన్నాడు, గుడ్లవల్లేరు దాటి గుడివాడ; తిరిగొచ్చి బడి; శని ఆదివారాలు చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ బస్సు. ప్యాడ్లు మోసే పెద్ద సంచీని ఎప్పుడూ జానీయే భుజాన వేసుకునేవాడు. దాన్ని చూసి ఒక కండక్టరు, "ఏం సాయిబు గారూ, పరుపు కూడా తెచ్చుకున్నారా, దిగేటప్పుడు లేపమంటారా?" అంటే బస్సంతా నవ్వింది, జానీ కూడా నవ్వాడు. నాజ్నీన్ నవ్వలేదు. కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది. ఆ నిద్రను కూడా అతను కష్టపడే పిల్ల లక్షణంగానే లెక్కవేసుకున్నాడు.

కిందటి ఆదివారం గుడివాడలో ఫైనల్, అవనిగడ్డలోనూ ఫైనల్ పడ్డాయి. రెండూ ఉదయమే. సంగతి తెలిసినప్పుడు జానీ కంగారుపడలేదు. పని ఎక్కువైనప్పుడు ఏం చేస్తారో అతనికి తెలుసు. సుమతి వాళ్లింట్లో రింగులు కలుపుతారు. ఆ పిల్ల చేతులు చురుకు. సాయంత్రాలు వీధిలో నాజ్నీన్ కొట్టే బంతులు సరదాకి ఆపుతుంది. ఎత్తు కూడా ఇంచుమించు ఒకటే. కీపర్ ముఖం హెల్మెట్‌లో ఉంటుంది గదా. నాజ్నీన్ సొంత ప్యాడ్లు ఇచ్చి, "గొంతు పూడుకుపోయింది, మాట్లాడకూడదు," అని చెప్పమని ఖైరున్ బీని తోడిచ్చి సుమతిని అవనిగడ్డ బస్సెక్కించాడు. గుడివాడ జట్టుకు వాళ్ల ప్యాడ్లే ఉన్నాయి కనుక నాజ్నీన్‌ను తీసుకుని తాను రైలెక్కాడు. పని పంచడం పూర్తయింది.

అవనిగడ్డలో సుమతి మీదికొచ్చిన ప్రతి బంతినీ ఆపింది. ఆట ముగిశాక సంతోషం పట్టలేక హెల్మెట్ తీసి గాలిలోకి విసిరింది. అంతే, గుట్టంతా బయటపడింది.

గుడివాడలో జరిగినదే జానీకి కొరుకుడుపడనిది. మొదటి అర్ధభాగం నాజ్నీన్ బాగానే ఆడింది. తరువాత ఒక పెనాల్టీ కార్నర్‌లో బంతి తిన్నగా ఆమె వైపే వచ్చింది. ఆమె కదలలేదు. బంతి కాలి పక్కనుంచి లోపలికి పోయి వెనక పలకకు టక్కున తగిలింది. ఆ తరువాతిదీ అంతే. గోలు మీద గోలు పడుతుంటే అందరూ అరుస్తున్నారు. ఆమె మాత్రం అవతలి గోలు దగ్గర ఎవరో పరిగెడుతుంటే అటే చూస్తోంది. అందుకోలేకపోయిందా, వదిలేసిందా? తిరుగు రైల్లో అడుగుదామని నాలుగైదుసార్లు నోరు తెరిచాడు. పెదన రాగానే ఆమె నిద్రపోయింది, లేదా కళ్లు మూసుకుంది. అదీ అతనికి తేలలేదు.

"ఆమె పేరు మీద వేరే మనిషిని దింపారు," అన్నారు భుజంగరావు గారు మెల్లగా. "ఇది గొలుసు కాదు జానీ గారూ."

"తెలుసండీ."

కానీ తెలియలేదు. ఆ క్షణంలోనే, ఆ మాట విన్న తరువాతే, ఏదో తట్టింది. బతుకు మొత్తంలో పేరు పెట్టి అడిగినది ఈ ఒక్క పిల్లనే. ఆ పేరే తీసి తాను అట్టముక్కలాగా ఇంకొకరికి తగిలించాడు. ఆలోచన ఇంకా ముందుకు వెళ్లబోయి, తోవ తెలియక ఆగిపోయింది.

"సరే, గట్టిగా ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. నరేంద్ర కూడా వదిలేస్తానన్నాడు. ఒక హామీపత్రం రాసివ్వండి చాలు," అంటూ భుజంగరావు గారు బంతి పక్కకు జరిపి కలం తీశారు. "నా కుమార్తె షేక్ నాజ్నీన్ ఇకపై ఒక్క జట్టుకే గోల్‌కీపర్‌గా ఆడుతుంది. ఆ జట్టు... చెప్పండి, ఏ ఊరు రాయమంటారు?"

"మాకే రాయండి బాబాయ్," అన్నాడు నరేంద్ర. "నా కోపం కోపమే, పిల్ల పిల్లే."

జానీ ఇటు చూశాడు, అటు చూశాడు. ఇద్దరికీ "తప్పకుండా" అనాలని నాలుక మీదికి వచ్చింది. ఆపుకున్నాడు. దిక్కుతోచక కూతురి వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పమ్మా. ఏ ఊరు?"

నాజ్నీన్ వేలిగోరుతో కుర్చీ చెయ్యిమీది పెచ్చు గీకుతూ కూర్చుంది.

"ఊరు సంగతి కాదబ్బా," అంది చివరికి తండ్రితో. "నేను గోల్‌లో ఉండను."

"ఉండకపోవడమేంటి?"

"పరిగెడతాను. ముందు ఆడతాను. అక్కడ నిలబడుంటే ఆట అంతా అవతల జరుగుతున్నట్టుంటుంది నాకు."

"మరి ఇన్నాళ్లూ?"

"ఇన్నాళ్లూ నువ్వు అడగలేదుగా. తప్పకుండా అన్నావు."

ఖైరున్ బీ కొంగు సర్దుకుంది. "కిందటి వారం... ఆ బంతులు కావాలనే వదిలేశావా?" అని జానీ అడిగాడు. అడగగానే అడగకుండా ఉంటే బాగుండేదనుకున్నాడు.

"ఏమో అబ్బా. నిజంగా తెలీదు. కాళ్లు కదల్లేదు."

భుజంగరావు గారు కలం మూత పెట్టారు. "అమ్మా, సూటిగా చెబుతాను. కీపర్‌గా అయితే నీ పేరు రేపు జాబితాలో ఉంటుంది. ముందు ఆడే పిల్లలు నా దగ్గర చాలామంది ఉన్నారు. వాళ్లంతా నీకంటే రెండేళ్లు ముందు మొదలెట్టినవాళ్లు. ఈ ఏడు జిల్లా జట్టు మాట మరిచిపోవాలి. పై ఏడూ నేనేం చెప్పలేను." తరువాత జానీ వైపు తిరిగారు. "తండ్రి సంతకం మీది. ఏం రాయమంటారు? కీపర్‌గా పంపుతారా?"

జాబితాలో షేక్ నాజ్నీన్ అన్న అక్షరాలు జానీకి కళ్లముందు కనిపించాయి. అచ్చులో, నల్లగా, వరసలో. రెండేళ్ల రైళ్లూ, బస్సులూ, భుజం మీద సంచీ బరువూ ఆ అక్షరాల కోసమే. ఒక్క మాట చాలు. అలవాటైన మాటే.

"కుదరదండీ," అన్నాడు.

ఆ మాట ఎవరన్నారా అన్నట్టు తానే చుట్టూ చూశాడు. నరేంద్ర నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఖైరున్ బీ అతన్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"అంటే... పిల్ల ఉండనంటోంది గదండీ," అని జానీ తడబడ్డాడు. "ముందు ఆడుతుందట. ఆడనివ్వండి. జట్టులో చోటు లేకపోతే బయట కూర్చుంటుంది. నాకు సరిగ్గా తెలీదండీ, మీరే ఏదో ఒకటి రాయండి."

భుజంగరావు గారు రాసినదాన్ని కొట్టేసి, కొత్త కాగితం తీసుకున్నారు. గుడివాడలో శిక్షణకు మాత్రమే వస్తుందని, చోటు దొరికినప్పుడే ఆడుతుందని, ఇంకే జట్టుకూ తండ్రిగా తాను ఒప్పుకోనని రాశారు. రోజూ రైలా అని జానీ అడిగితే, వారానికి మూడు రోజులు చాలని నాజ్నీన్ అంది. దాన్నీ చేర్చారు.

"పోనీ ఆ సుమతిని మాకివ్వండి బాబాయ్," అన్నాడు నరేంద్ర. "ఈసారి సొంత పేరుతో."

"తప్ప..." అని జానీ ఆగాడు. మెడ మీది చెమట తుడుచుకున్నాడు. "నన్నడుగుతావేంటయ్యా. ఆ పిల్లనడుగు. వాళ్లమ్మనడుగు."

"నేనొస్తానన్నా!" అంది సుమతి నెట్టు మీదనుంచి. "గోల్‌లోనే ఉంటా. బంతితో ఎవరొచ్చినా కళ్లలోకి చూసి ఆపుతా. కానీ నోరు మూసుకుని మాత్రం ఉండను."

నవ్వు వచ్చింది అందరికీ. నాజ్నీన్ కూడా నవ్వింది. ఆ నవ్వు చూసి జానీకి సంతోషం కలగాలి. కలిగినట్టే ఉంది, దాని వెనకే, రేపటి జాబితా తలపుకొచ్చి ఏదో పోగొట్టుకున్నట్టూ ఉంది. రెండింటిలో ఏది నిజమో విడదీయలేక ఊరుకున్నాడు.

కాగితం రెండు ప్రతులు రాశారు. నాజ్నీన్ తీసుకుని మొదటినుంచి చివరిదాకా చదివి, ముందు తాను సంతకం చేసి తండ్రికి అందించింది. జానీ ఆమె పేరు కింద తన పేరు రాశాడు. అట్టముక్కలు లేని పని అతనికి కొత్త; అక్షరాలు కాస్త వంకరపోయాయి. ఒక ప్రతి భుజంగరావు గారు తీసుకున్నారు. రెండోదాన్ని జానీ, గొలుసును పల్చటి కాగితంలో చుట్టేటప్పటిలాగా అంచుకు అంచు కలిపి, నాలుగు మడతలు పెట్టి, చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.