పుల్లనీళ్లు మూతపడిన ఎండాకాలం

మార్చి మొదటి సోమవారం పొద్దున భారతి రేగిపండ్ల గుజ్జు వడగడతాంటే ఎక్సైజ్ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. చేతులు తుడుచుకుని, కవరు చించి, నిలబడే చదివింది. బ్రూవరీకి వంద మీటర్ల లోపల బడి ఉంది గనక లైసెన్సు రెన్యువల్ చేయలేమని, మే నెలాఖరుకు తలుపులు మూయాలని, ఆ నాటికి మిగిలిన బీరు ఎంతున్నా అధికారుల ఎదుట పారబోయాలని అందులో రాసి ఉంది.

"ఏమంట పాపా?" పీపాలు కడుగుతాన్న సుంకమ్మ అడిగింది.

"మూసేయమంటాండారు పెద్దమ్మా."

"మనం ఏం తప్పు చేసినామంట?"

"బడి పక్కన ఉండామంట."

సుంకమ్మ చేతిలోని చీపురు కింద పడేసింది. "బడి మన పక్కకొచ్చిందా, మనం బడి పక్కకు పోయినామా?"

అడగాల్సిన మాట అదే. అనంతపురం దాటి బెంగుళూరు రోడ్డు మీద, పాత వేరుశనగ మిల్లు షెడ్డులో భారతి ఆ బ్రూవరీ పెట్టి ఏడేండ్లయింది. అప్పుడు చుట్టూ బీడు తప్ప ఏమీ లేదు. పేరు 'పుల్లనీళ్లు'. బెంగుళూరులో ఒక పెద్ద బ్రూవరీలో ఎనిమిదేండ్లు పనిచేసి వచ్చిన మనిషి ఆమె. అందరూ చేదు బీరు చేస్తాంటే, నేను పుల్లటి బీరు చేస్తానని కూర్చున్నది. కొర్రలు మొలకెత్తించి, ఎండబెట్టి, బార్లీతో కలిపి ఉడికించి, ఆ గంజిని ముందు పులియబెట్టి, ఆ పైన బీరు చేసి, రేగిపండ్లో చింతకాయలో వేసి కొయ్యపీపాల్లో ఏడాది మాగబెట్టేది.

ఆ పులుపు మాత్రం బెంగుళూరు నుంచి రాలేదు. మొదట్లో ల్యాబుల నుంచి తెప్పించిన పులుపు తోడు పొట్లాలన్నీ ఈ ఎండకు చచ్చిపోయినాయి. ఒక మధ్యాహ్నం, షెడ్డు ఊడ్చేదానికి కొత్తగా కుదిరిన సుంకమ్మ, "మొహం పీక్కపోయింది, తాగు" అని తన చెంబులోని రాగి అంబలి ఇచ్చింది. భారతి ఒక గుక్క తాగింది. రెండో గుక్క తాగకుండా చెంబు అట్లే పట్టుకుని లోపలికి పోయింది. ఆ తర్వాత చేసిన బీరంతా ఆ చెంబు బిడ్డలే.

జనం మొదట నవ్వినారు. "దుడ్లిచ్చి పులిసిన నీళ్లు తాగాలా?" అన్నారు. తర్వాత గాలిమరల ఇంజనీర్లు వచ్చినారు, కాలేజీ లెక్చరర్లు వచ్చినారు, బెంగుళూరు కార్లు ఆగడం మొదలైంది. నవ్వినోళ్లలో సగం మంది ఆదివారం ఆదివారం వచ్చి కూర్చునేవాళ్లు.

కాగితం వచ్చిన మధ్యాహ్నమే భారతి, సుంకమ్మ టేపు పట్టుకుని రోడ్డెక్కినారు. తమ గేటు నుంచి బడి గేటుకు ఎనభై ఏడు మీటర్లు. బడి పెట్టి రెండేండ్లయింది. కానీ దాని గేటు వెనక వీధిలో ఉండేది. ఈ పక్క గోడ పగలగొట్టి కొత్త గేటు పెట్టినారు. సిమెంటింకా పచ్చిగానే ఉంది. భారతి తలెత్తి చూసింది. భవనం నుదుటి మీద 'సుబ్బరత్నమ్మ నిలయం' అని చెక్కి ఉంది. సుబ్బరత్నమ్మ అంటే కేశవులు తల్లి. కేశవులు అంటే ఊళ్లో నాలుగు బార్ల యజమాని. భాగస్తునిగా చేర్చుకోమని ఇంతకు ముందు రెండు సార్లు అడిగి, వద్దనిపించుకుని పోయినవాడు.

"ఇది బడి చేసిన పని కాదు పెద్దమ్మా," అంది భారతి, టేపు చుడతా.

నాలుగో దినం ఆ మనిషే వచ్చినాడు. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. కుర్చీ తనే లాక్కుని కూర్చున్నాడు.

"ఏమమ్మా భారతీ, కాగితం వచ్చిందంట గదా. దిగులు పడొద్దు. కర్ణాటకలో నాకు స్థలం ఉండాది, లైసెన్సు ఉండాది. నీ పీపాలు, ఈ పేరు, ఆ పులుపు విత్తనం నాకియ్యి. నువ్వే వచ్చి పని చూసుకో. జీతం నువ్వే చెప్పు."

"బడి గేటు ఎప్పుడు మార్పించినావన్నా?"

కేశవులు నవ్వినాడు. "పిల్లోళ్లకు దారి దగ్గరైతాదని."

"ఏ పిల్లోళ్లు? ఆ గేట్లోంచి వచ్చేది నీ కారొక్కటే."

నవ్వు ఆరిపోయింది. "చూడమ్మా, నీకు మిగిలింది మూడు నెలలు. ఆ మీదట మాగుతాన్న నీ తొమ్మిది పీపాలూ మోరీలో పోస్తావు. నా మాట వింటే అవన్నా బతుకుతాయి. సరే, పేరు నువ్వే ఉంచుకో. ఆ విత్తనమన్నా ఇయ్యి."

"విత్తనం కావాలంటే ముదిగుబ్బ నుంచి విడపనకల్లు దాకా అంబలి కుండ ఉండే ఏ ఇంటికైనా పో. తలుపు తట్టి, చెంబు చాపి అడుగు. వాళ్లు ఇస్తారు. నేనియ్యను."

ఆయన పోయినాక భారతి గేటు మూసి వచ్చింది. కోపం దిగినాక పీపాల ముందర పోయి కూర్చున్నది. అమ్మడానికి తయారుగా ఉన్న బీరు మే నెల లోపల చెల్లిపోతుంది, దాని గురించి చింత లేదు. ఈ తొమ్మిది మాత్రం ఆగస్టుకు గానీ మాగవు. సగం మాగిన బీరు ఎవరి గ్లాసులోనూ పోసే మనిషి కాదు ఆమె. పోసేదానికి చేయి రాదు, పారబోసేదానికీ రాదు.

సుంకమ్మ వచ్చి పక్కన చతికిలబడింది. "ఇట్ల నువ్వు కూర్చోవడం మళ్లీ ఇప్పుడే చూస్తాండా. మూడేండ్ల కిందట ఒక పీపా చెడిపోయినప్పుడు ఇట్లే కూర్చున్నావు."

"దాన్ని పారబోయమన్నా గదా నీకు."

"పారబోస్తానా? ఇంటికి తీసుకుపోయినా. ఇంకా రెండు క్యాన్లుండాది. నిమ్మకాయలు దొరకనప్పుడు ఉల్లిగడ్డలు అందులో ఊరబెడతా. వేటకూరకు బాగుంటాది."

భారతి తల తిప్పి ఆమెను చూసింది. లేచి కాగితం తెచ్చుకుని ఆ వాక్యం మళ్లీ చదివింది. 'మిగిలిన బీరు' అనే ఉంది.

"పెద్దమ్మా, బీరు మిగలకపోతే?"

బీరుకు గాలి శత్రువు. గాలి తగిలితే అందులో చేరే పురుగు ఒకటుంది. కంటికి కనపడదు, ఆల్కహాలు తిని వెనిగర్ చేస్తుంది. ఏడేండ్లుగా భారతి ఆ పురుగును గడప తొక్కనివ్వలేదు. బిరడాలకు మైనం పూసింది, గొట్టాలు వేడినీళ్లతో కడిగించింది, చెడిన పీపాను ఆ దినమే షెడ్డు దాటించింది. ఇప్పుడు ఆ పురుగునే ఇంట్లోకి పిలవాల.

మొదటి బిరడా దగ్గర ఆమె చేయి ఆగిపోయింది. అది రేగిపండ్ల పీపా. గరిటెడు తీసి రుచి చూసింది. ఆగస్టు దాకా ఆగితే ఈ ఏడేండ్లలో ఇంత మంచి బీరు చేసి ఉండదు. ఆ మాట సుంకమ్మకు కూడా చెప్పలేదు. బిరడా పీకి దూరంగా విసిరేసింది.

పీపాల్లోది నోరు వెడల్పు డ్రమ్ముల్లో సగం సగం పోసి, సుంకమ్మ ఇంటి నుంచి వచ్చిన పాత పులుపు తలా ఇంత కలిపి, పైన పలచటి గుడ్డలు కట్టినారు. తర్వాత భారతి షెడ్డులోని చల్లమిషను ఆపేసింది. ఏడేండ్లు ఆ ఎండతో కొట్లాడి, దాన్ని తిట్టని దినం లేదు. ఏప్రిల్ ఎండ రేకుల మీద నిప్పులు పోస్తాంటే, మొదటి సారి ఆమె కిటికీలన్నీ బార్లా తెరిచింది.

దొంగతనంగా చేయలేదు. ఏం చేస్తాన్నదీ రాసి ఎక్సైజ్ ఆఫీసుకు ఉత్తరం పంపింది. వెనిగర్ అమ్మేదానికి ఆహార లైసెన్సుకు కూడా అర్జీ పెట్టింది. వారం తిరక్కుండా ఇన్‌స్పెక్టర్ ఉమాదేవి జీపు దిగింది. నడివయసు మనిషి, మాట తక్కువ. డ్రమ్ములన్నీ వరసగా చూసి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇది తెలివనుకోవాల్నా, పొగరనుకోవాల్నా?"

"రెండూ మేడం."

ఉమాదేవి నవ్వలేదు. "ఆర్డరులో వెనిగర్ గురించి ఏమీ లేదు, నిజమే. మే ఇరవైకి వచ్చి శాంపిళ్లు నేనే తీస్తా. రిపోర్టులో ఆల్కహాలు ఉందని తేలిన డ్రమ్ము ఏదైనా సరే, నా కండ్ల ముందర పోయాల."

"పోస్తాను."

మే రెండో వారానికి షెడ్డులోకి అడుగుపెడితే కండ్లు మండేవి. ఎనిమిది పీపాల సరుకు వెనిగర్‌గా తిరిగింది. రేగిపండ్లది మాత్రం మొండికేసింది. భారతి దినానికి మూడు సార్లు కలబెట్టింది, కొత్త పులుపు పోసింది, డ్రమ్ములు మార్చింది. పైన తెల్లటి తెట్టు కట్టిందే గానీ బీరు బీరుగానే ఉంది. ఎందుకో ఆమెకూ అంతు చిక్కలేదు.

"నీ మాదిరే ఉండాదిది," అంది సుంకమ్మ.

ఆఖరి ఆదివారం కూర్చునేదానికి చోటు చాలక జనం గోడల మీద కూర్చుని తాగినారు. సాయంత్రం ఐదుకల్లా చివరి చింతకాయ బీరు అయిపోయింది. ఒక లెక్చరరు లేచి నాలుగు మాటలు మాట్లాడబోతే భారతి ఆపింది. "సంతాపసభ వద్దు సార్. నేనింకా ఉండా."

మే ముప్పైయొకటి పొద్దున ఉమాదేవి రిపోర్టుతో వచ్చింది. ఎనిమిదింటిలో లెక్కలోకి వచ్చేంత ఆల్కహాలు లేదు. తొమ్మిదోదానిలో ఉంది. బడి గేటు దగ్గర కేశవులు ఇద్దరు మనుషులతో నిలబడి చూస్తాన్నాడు.

"పోయించండి," అంది ఉమాదేవి, వెంట వచ్చిన కానిస్టేబుళ్లతో.

"వాళ్లెందుకు మేడం? చేసింది నేను, నేనే పోస్తా." భారతి చీర కుచ్చిళ్లు దోపుకుంది. "పోసేముందు ఒక గుక్క చూడొచ్చా?"

ఉమాదేవి రిపోర్టులోకి తల దించుకుంది. భారతి గ్లాసు ముంచి నోట్లో పోసుకుంది. అటు బీరూ కాదు, ఇటు వెనిగరూ కాదు. మార్చిలో రుచి చూసిన ఆ బీరు అందులో లేదు. పారబోసేది ఆ బీరు కాదని మనసు కొంచెం తేలికపడింది. పక్కకు ఉమ్మేసి, "పట్టు పెద్దమ్మా," అంది. ఇద్దరూ డ్రమ్ములు ఒకటొకటిగా వంచినారు. ఎర్రటి నీళ్లు గుంతలోకి పోయినాయి, కండ్ల ముందరే నేల తాగేసింది. కేశవులు ఉండే దిక్కు ఆమె చూడలేదు. చూస్తే ఏడుస్తానేమోనని కాదు, చూడదగిన మనిషి కాదని.

షెడ్డుకు సీలు పడేలోపల మినీ లారీ వచ్చింది. ముదిగుబ్బ నుంచి భారతి వాళ్ల నాయన ఆంజినప్ప తెచ్చినాడు. వేరుశనగ, గొర్రెలు తప్ప ఇంకో లోకం ఎరగని మనిషి. ఈ ఏడేండ్లలో ఆయన ఈ షెడ్డు గడప తొక్కలేదు. చుట్టాలెవరన్నా అడిగితే, బిడ్డ జ్యూసు ఫ్యాక్టరీ పెట్టిందని చెప్పేవాడు. ఆ పొద్దు మాత్రం పలకరింపుల్లేకుండా లోపలికొచ్చి, తలగుడ్డ భుజం మీద వేసుకుని, మొదటి డ్రమ్ముకు భుజం ఆనించినాడు.

ముదిగుబ్బ దారిలో చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబులు లారీ ఆపినాడు. "ఏముందప్పా డ్రమ్ముల్లో?"

భారతి కాగితాలు తీసేలోపలే ఆంజినప్ప కిందికి దిగినాడు. "నా బిడ్డ బీరు చేసేదప్పా. జ్యూసు కాదు, బీరు. మూయించినారు. పారబోయమంటే పారబోయకుండా ఇట్ల చేసింది. గుడ్డ తీసి వాసన చూడు, నీకే తెలుస్తాది."

కానిస్టేబులు వాసన చూసి, దగ్గుకుంటా రెండడుగులు వెనక్కి పోయి, చేయి ఊపినాడు. తండ్రీకూతుళ్లు మళ్లీ బండెక్కినారు. చాలా దూరం పోయినాక ఆంజినప్ప, "గొర్ల దొడ్లో నీడ బాగుంటాది, ఆడ పెట్టుకో," అన్నాడు.

జూన్‌లో వెనిగర్‌కు ఆహార లైసెన్సు చేతికొచ్చింది; బీరు లైసెన్సు మీద భారతి అప్పీలు వేసింది. గేటు మార్చిన ఫోటోలు కూడా జతచేసింది. వకీలు పెద్దగా ఆశ పెట్టలేదు, ఏండ్లు పడుతుందన్నాడు. "పట్టనీ," అని సంతకం చేసి, అదే దినం వెనిగర్ సీసాల సంచి భుజానికేసుకుని అనంతపురం పాతూరికి పోయింది. ఆడ రత్నమ్మ పచ్చళ్ల దుకాణమంటే తెలియనివాళ్లు లేరు. రత్నమ్మ మూత తీసి, వేలితో నాలుక మీద వేసుకుని, కండ్లు గట్టిగా మూసుకుంది.

"అబ్బా, ఘాటెక్కువమ్మా. కొంచెం నీళ్లు కలుపు."

"కలపను."

"కలపకపోతే కొనరు."

"కొననోళ్లకు చేయలేదు నేను."

రత్నమ్మ ఆమెను కింది నుంచి పై దాకా ఒకసారి చూసింది. ఇంకో చుక్క వేలికి అద్దుకుని మళ్లీ నాకింది. ఈసారి కండ్లు మూసుకోలేదు.

"ముందరి అలమారలో నాలుగు సీసాలు పెట్టిపో," అంది.