వస పోసిన సాన

నేను ఒక సానరాయిని. గంధం తీయడానికి పుట్టి, వస అరగదీయడంలో వయసు అరగదీసుకున్న దాన్ని. జోషిత మొదటి మాట పలికిన సాయంత్రం నా మీద తేనె తడి ఇంకా ఆరలేదు.

ఆ పిల్లకు అప్పటికి నాలుగో ఏడు నడుస్తోంది. అంతవరకు ఒక్క మాట లేదు. నాయనమ్మ బసవపూర్ణమ్మ పిల్లను రెండు మోకాళ్ల మధ్య బిగించుకుని, నా మీద తేనెతో అరగదీసిన వసకొమ్ము ముద్దను వేలితో తీసి నాలుకకు రాయబోయింది. పిల్ల మొహం పక్కకు తిప్పుకుని, గుడిగంట కొట్టినంత స్పష్టంగా "అయిపోయింది" అంది.

బసవపూర్ణమ్మ వేలు గాలిలోనే ఆగిపోయింది. ఆ తర్వాత ఇల్లు ఇల్లులా లేదు. కోడలు హిమబిందు దోసెల పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చి పిల్లను ముద్దులాడింది. పిల్ల బుగ్గల మీద పిండి, తల్లి బుగ్గల మీద తేనె. కొడుకు మల్లికార్జున చీరల కొట్టు మధ్యలోనే కట్టేసి, చీరాల బజారులో దొరికిన బూందీ లడ్లన్నీ మూటకట్టించుకొచ్చి వీధంతా పంచాడు. ఇన్నాళ్లూ పిల్ల ఎందుకు పలకలేదంటే, ఆ అత్తాకోడళ్లు సందివ్వక అని ఎదురింటావిడ లడ్డు నములుతూనే తేల్చేసింది. వస పని చేసిందని అందరూ అన్నారు. నాకూ గర్వమేసింది. ఎంతైనా రాయిని కదా, బుద్ధి నెమ్మదిగా వస్తుంది.

నా పుట్టుక గొప్పదేమీ కాదు. చీమకుర్తి దగ్గర కొండను కోసి, ఏదో దూరదేశపు భవనంలో నేలకు పరచడానికి పెద్ద పలక తీస్తుంటే విరిగిపడిన మూల ముక్కను నేను. రోడ్డు పక్కన ఉలి పట్టుకు కూర్చున్న ఒకాయన నన్ను గుండ్రంగా చెక్కాడు. కోటప్పకొండ తిరునాళ్లలో గోనెపట్టా మీద పొత్రాలకూ రోళ్లకూ మధ్య కూర్చున్నాను. అప్పుడొచ్చింది బసవపూర్ణమ్మ, పెళ్లైన కొత్తల్లో, మొగుడి వెనకాలే. ఆయన గాజులు కొనిస్తానంటే ఆమె నన్ను చూపించింది.

"చూశావా అబ్బాయ్, నా పెళ్లాం రాయి కావాలంటంది. ఇంట్లో ఉన్న రాయి చాల్లేదంట" అన్నాడు ఆయన అమ్మేవాడితో.

ఆమె పైటకొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. కొండ దిగేదాకా నన్ను పసిబిడ్డలా ఎదకు హత్తుకునే నడిచింది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు చల్లగా ఉంటుంది. పొద్దున్నే నాలుగు చుక్కల నీళ్లు, చిన్న గంధపు చెక్క, నా మీద తిరిగే ఆమె కొత్త గాజుల చప్పుడు. గంధం మొదట మొగుడి మెడకు రాసేది, మిగిలింది దేవుడికి. దేవుడు కూడా కొత్త జంటల దగ్గర ఏమీ అడగడనుకుంటాను.

మల్లికార్జున పుట్టినప్పుడు నా మీద మొదటిసారి వస అరిగింది. పసిపిల్లల నాలుకకు వస రాస్తే మాటలు బాగా వస్తాయని వాళ్ల నమ్మకం. ఆ పిల్లవాడు నిజంగానే వసపిట్ట అయ్యాడు. చీర కొనడానికి రాని ఆడవాళ్ల చేత కూడా చీర కొనిపించేవాడు. కొడుకు కొట్లో అమ్ముడుపోయిన ప్రతి చీరకూ తను పోసిన వసే కారణమని బసవపూర్ణమ్మ గట్టిగా నమ్మింది. ఈ ఇంటికి జరిగిన పొరపాటంతా అక్కడే ఉంది.

జోషిత ఆసుపత్రిలో పుట్టింది. తల్లిపాలు తప్ప చుక్క ఏదీ పొయ్యొద్దని నర్సు చెప్పింది. హిమబిందు ఆ మాట వింది. పిల్లకు రెండేళ్లు దాటినా పిలిస్తే పలకదు, చూస్తే చూడదు. గుంటూరులో డాక్టరు పిల్లతో చాలాసేపు ఆడుకుని, దీన్ని ఆటిజం అంటారు, ఇది పోగొట్టే జబ్బు కాదు, పిల్ల తీరే ఇది, ఆ తీరును మీరు నేర్చుకోండి అని చెప్పాడట. తిరుగు బస్సులో మల్లికార్జున మాట్లాడలేదని హిమబిందు తర్వాత చెప్పుకుని ఏడ్చింది. ఆ మనిషి మాట్లాడకుండా ఉండటం ఎవరూ ఎరగరు.

బసవపూర్ణమ్మ మాత్రం నన్ను కిందికి దించి కడిగింది. "పురిట్లో వస పొయ్యనియ్యలా. దానికి ఆ డాక్టరు పెట్టిన పేరు అది, అంతే."

హిమబిందే తేనె సీసా తెచ్చిచ్చింది. తప్పు తనదే అయితే, దిద్దుకునే దారి కూడా ఉంటుందని ఆశపడింది కాబోలు.

నేను ఎరిగిన జోషిత వేరు. ఇంట్లో వాళ్లు పనుల్లో ఉన్నప్పుడు గ్లాసుతో నీళ్లు తెచ్చి నా మీద ఒంపేది. అరచెయ్యి ఆనించి గుండ్రంగా తిప్పేది. నేను చేసే సన్నటి గరగర ఏ శ్రుతిలో ఉంటే, ఆ శ్రుతిలోనే గొంతులో ఏదో పాడేది. ఆనందం మరీ ఎక్కువైతే చేతులు రెండూ తడి విదిలించుకున్నట్టు టపటపా ఊపేది. తుంపర్లు గోడ మీద, నా మీద, దాని ముక్కు మీద. నన్ను అందరూ పని కోసం ప్రేమించారు. ఆ పిల్ల ఒక్కతే ఊరికే ప్రేమించింది.

ఇక ఆ మొదటి మాట సంగతి. మనుషులకు ఒక వింత అలవాటు ఉంది. పిల్లలకు సూది గుచ్చేటప్పుడు, చేదు మింగించేటప్పుడు, ఇంకా మొదలు కాకముందే "అయిపోయింది, అయిపోయింది" అంటారు. బసవపూర్ణమ్మ కూడా వస ముద్ద తీసిన ప్రతిసారీ అదే అనేది. చేదు వచ్చినప్పుడల్లా ఆ మాట వస్తుందని, ఆ మాట వచ్చినప్పుడల్లా చేదు వస్తుందని పిల్ల నేర్చుకుంది. ఆ సాయంత్రం అది చెప్పింది ఒకటే: వద్దు.

ఆ ఒక్క వద్దుకు వీధంతా లడ్లు తింది.

మాట వచ్చింది కదా అని వస రెట్టింపు చేశారు. పిల్ల కక్కుకుంది. ఎవరో స్వామి బంగారు తీగతో నాలుక మీద అక్షరాలు రాశాడు. నాలుక మందంగా ఉందని ఒకరు, దిష్టి అని ఒకరు, మేనమామ మొండితనం వచ్చిందని ఒకరు చెప్పారు. చెప్పినవన్నీ చేశారు. పిల్ల ప్రతిచోటా గొంతు చించుకుని అయిపోయింది అయిపోయింది అని అరిచేది. చూశారా, ఎంత స్పష్టంగా మాట్లాడుతోందో అని వీళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని మురిసిపోయేవారు.

ఒకరోజు వంటింట్లో స్టీలు పళ్లేల దొంతర జారిపడింది. పిల్ల చెవులు మూసుకుని గోడకు అతుక్కుపోయి ఆ మాటే అంది. హిమబిందు పళ్లేలు వదిలేసి పిల్ల ఎదురుగా కూర్చుంది.

"అత్తయ్యా, అది మాట్లాడటం కాదు. వద్దంటంది."

"వద్దనేదానికి వద్దనే అనేదిగా? మాటొచ్చిన పిల్లకు మళ్లీ జబ్బు అంటగట్టమాక" అంది బసవపూర్ణమ్మ.

ఆమె చెడ్డది కాదు. రాత్రి పిల్ల పాదాలు తన చీరకొంగులో చుట్టి వెచ్చగా పెట్టేది. కానీ తను చనిపోయేలోగా మనవరాలు నలుగురిలా కావాలి. ఆ కోరిక ముందు పిల్ల అసలు ఎలా ఉందో చూసే తీరిక ఆమెకు దొరకలేదు.

తర్వాత ఒంగోలులో ఇలాంటి పిల్లలకు నేర్పే సెంటరు ఒకటి దొరికింది. మామూలు పిల్లను చేసి చేతిలో పెడతామన్నారు. పిల్ల పట్టుకుని వదలని వస్తువులన్నీ ముందు తీసెయ్యమన్నారు. నన్ను పాత లుంగీలో చుట్టి అటకెక్కించారు.

అటక మీద నుంచి ఇల్లు కనిపించదు, వినిపిస్తుంది. మొదట్లో పిల్ల కింద నిలబడి ఏడ్చేది. అటక వంక చూస్తూ ఏడుస్తోందని గొంతును బట్టి తెలిసేది. తర్వాత ఏడుపు తగ్గింది. సెంటరులో నేర్పినట్టే, చేతులు ఊపితే "చేతులు కింద" అనేవాళ్లు. తొడల కింద పెట్టుకుని కూర్చుంటే, కళ్లలోకి చూస్తే చాక్లెట్ అని చెప్పేవాళ్లు. కొన్నాళ్లకు ఏడుపే లేదు. మరికొన్నాళ్లకు, "నమస్తే అండీ. నా పేరు జోషిత. నేను బాగున్నాను" అని ఒక గొంతు వినిపించింది. ఎవరో చుట్టాలమ్మాయి వచ్చిందనుకున్నాను.

ఎన్ని వానాకాలాలు గడిచాయో. ఈ సాయంత్రం నన్ను దించారు. రేపు ఒంగోలులో సెంటరు వార్షికోత్సవం. స్టేజీ మీద జోషితను నిలబెట్టి, బాగైన పిల్ల అని మిగతా తల్లిదండ్రులకు చూపిస్తారట. అంత మంచి రోజున మనవరాలి నుదుట తన చేత్తో తీసిన గంధం ఉండాలని బసవపూర్ణమ్మ కోరింది. పిల్ల బాగైపోయింది కాబట్టి ఇక రాయితో భయం లేదంది.

హిమబిందు నన్ను కడిగి, తడితడిగా నేల మీద పెట్టింది. ఎదురుగా జోషిత చాప మీద కూర్చుంది. పొడుగైంది. రెండు జడలు. నేను నవ్వగలిగితే నవ్వేదాన్ని. ఇదిగో చెయ్యి వస్తుంది, ఇదిగో నీళ్లు చిందుతాయి అనుకున్నాను.

జోషిత నన్ను చూసింది. భుజాలు సన్నగా వణికాయి. మెల్లగా రెండు చేతులూ తొడల కిందికి వెళ్లిపోయాయి.

"చేతులు కింద" అంది తనకు తనే. తర్వాత తల ఎత్తి, నేర్పినట్టే తల్లి కళ్లలోకి చూసి, "నేను బాగున్నాను" అంది.

"చూడు, ఎంత బుద్ధిమంతురాలో" అంది బసవపూర్ణమ్మ. ఆ మాట చివర గొంతు ఎందుకో తగ్గింది.

హిమబిందు పిల్ల కుడిచెయ్యి బయటికి తీసింది. అరచేతి నిండా చాప గీతలు పడి ఉన్నాయి. ఆ చేతిని తెచ్చి నా మీద పెట్టింది. నాకు ఆ చెయ్యి తెలుసు, బరువు పెరిగిందంతే. కానీ అది తిరగలేదు. ఆరేసిన గుడ్డలా ఊరికే పడి ఉంది. జోషిత చాక్లెట్ కోసం తల్లి రెండో చేతి వంక చూసింది.

ఆ రెండో చెయ్యి ఖాళీగా ఉంది. హిమబిందు దానితో నోరు మూసుకుంది.

"అత్తయ్యా, ఇది చేతులు మర్చిపోయింది" అంది. బసవపూర్ణమ్మ గంధపు చెక్కను పక్కన పెట్టేసింది.

అప్పుడే మల్లికార్జున ఇస్త్రీ చేయించిన పట్టు పరికిణీ పట్టుకుని లోపలికొచ్చాడు. కారు పొద్దున ఆరింటికే వస్తుందని, పిల్లకు ఇంకోసారి మాటలన్నీ చెప్పించమని అంటున్నాడు.

"రేపు ఇది స్టేజీ ఎక్కదండీ."

"అదేంది హిమా, మాటిచ్చాను గదా. కార్డులో పేరు కూడా వేశారు."

"పేరుంటే పేరునే చదువుకోమనండి." హిమబిందు గొంతు పెంచలేదు. పిల్ల చెయ్యి నా మీద నుంచి తియ్యకుండానే, దాని మీద తన చెయ్యి వేసింది. "రేపు పొద్దున్నే వాడరేవు పోతన్నాం, నేనూ ఇదీ. కెరటాలు తగిలేచోట కూర్చుంటాం. చేతులు తీస్తే తీస్తది. తియ్యకపోతే ఎల్లుండి మళ్లీ పోతాం."