తాళం వేసుకున్న అతిథి

గ్యాసు కట్టేసిందో లేదో ఆమె మూడుసార్లు చూసుకుంది. నాలుగోసారి చూడబోతుంటే అత్తగారు మంచం మీంచి పిలిచారు.

"అమ్మాయీ, ఈ పెట్టె నీ దగ్గర పెట్టుకో. తాళంచెవి కూడా తీసుకో."

ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. మూలలు సొట్టలు పడిన చిన్న రేకుపెట్టె. ముప్పై ఏళ్ల కిందట, కాపురానికొచ్చిన కొత్తలో, దుమ్ము తుడుస్తూ దాన్ని జానెడు జరిపినందుకు ఈ అత్తగారే ఇల్లు పీకి పందిరేశారు. ఆనాటి నుంచి దాని జోలికి పోలేదు. ఇన్నేళ్లూ లేనిది ఇవాళ పిలిచి చేతికిస్తున్నారంటే ఏమిటి సంగతి? రేపు అందులో ఏదో తగ్గిందంటే?

"సాయంత్రం చూద్దాం అత్తయ్యా."

"సాయంత్రానికి నువ్వుంటావు. మరి నేను?"

"మీరెక్కడికెళ్తారు, సినిమాకా?" అంటూ చెప్పులేసుకుంది.

ఆఫీసులో ఆమె పేరు అనుమానాలక్క. కోపమేమీ లేదు, జీతమే అందుకిస్తారు. ఒక పెద్ద కంప్యూటర్లో వందల చిన్న కంప్యూటర్లు అతిథుల్లా అద్దెకుంటాయి. వాటికి చోటు పంచే ప్రోగ్రాము పేరు హైపర్‌వైజర్. కొందరు అతిథులు తమ మెమరీకి తాళం వేసుకుంటారు. లోపలేముందో చోటిచ్చినవాడికీ కనపడదు. ఒక పేజీ, అంటే మెమరీలో ఒక ముక్క, తెరిచి ఉందని అతిథి, తాళంలో ఉందని హైపర్‌వైజర్ అనుకుంటే, ముట్టుకోగానే పని ఆగి ఫాల్టు వస్తుంది. అప్పుడేం చేయాలో చెప్పే కోడు ఆమెదే. నమ్మడం పుణ్యమంటారు పెద్దలు. మరి నమ్మకపోవడమే పనైనవాళ్ల సంగతేమిటో ఆ దేవుడికే తెలియాలి.

ఆ ఉదయం ఒకే అతిథి, ఒకే పేజీ, నలభై వేల ఫాల్టులు. ఆమె కంటే ఇరవై ఏళ్లు చిన్నవాడైన టీం లీడరు కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చాడు.

"దొంగేనక్కా. మన తలుపు తోసి చూస్తున్నాడు. ఆపేద్దాం."

"ఆపేస్తే లోపలున్నదంతా పోతుంది బాబూ. ఎవరి కష్టమో ఏమో."

"పోనీ ఆ పేజీ మనమే తెరిచేద్దాం. గోల వదుల్తుంది."

"మనంతట మనం తెరిస్తే అందులో రాసుకున్నది బూడిదే. ఎక్కడ ముట్టుకున్నాడో, అది తెరిచి ఉందనుకున్నాడో తాళంలో ఉందనుకున్నాడో, అతిథిని నడిపే ప్రోగ్రాముకు చెప్పాలి. జవాబొచ్చేదాకా కాసుకోవాలి. ఊహించకూడదు."

"మీ అనుమానాలకు జీతమేనా అక్కా, బోనసు కూడానా?"

ఆమె అప్పటికే తెర వైపు తిరిగింది. కంప్యూటరు రాసుకున్న చిట్టాను మొదటి నుంచి ఒక్కొక్క వరుసా వేలుపెట్టి చదువుతోంది. మధ్యాహ్నం దాటాక వేలు ఒకచోట ఆగింది. మొదటి ఫాల్టుకు ముందే అతిథి పద్ధతిగా అడిగాడు, ఈ పేజీ తెరవమని. నాలుగేళ్లుగా ఒక్కసారీ అడగనివాడు. ఇప్పుడెందుకు అడుగుతున్నాడని ఆమె కోడుకు అనుమానమొచ్చింది. ఆ విన్నపాన్ని తర్వాత చూద్దామని పక్కన పడేసింది. చూసే దిక్కు లేదు. సరేనన్నారనుకున్న అతిథి పాపం తడుతూనే ఉన్నాడు.

"తప్పు వాడిది కాదు బాబూ, నాది," అంది నెమ్మదిగా. "వాడు నోరు తెరిచి అడిగాడు. నేనే తర్వాత అన్నాను."

ఆ అనుమానపు వరుసలు మూడూ కోడులోంచి తీసేసింది. విన్నపం వెళ్లాల్సిన చోటికి వెళ్లింది, జవాబొచ్చింది, పేజీ తెరుచుకుంది. ఫాల్టులు ఆగిపోయాయి. టీం లీడరు చప్పట్లు కొడుతుంటే ఆమె సంచీ భుజాన వేసుకుంది.

"ఇంకా రెండు గంటలుందక్కా!"

"ఇంట్లో పెట్టె ఒకటి తీసుకోవాలి."

బస్సులో కూర్చున్నా కాళ్లు ఆడిస్తూనే ఉంది. ఇంటిముందు ఇద్దరు ముగ్గురి చెప్పులు కనిపించాయి. భర్త గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు.

"అమ్మ తిని పడుకుంది. టీ ఇద్దామని లేపితే..." అన్నాడు. "ఇప్పుడే నీకు ఫోను చేద్దామనుకుంటున్నాను."

అత్తగారి ముఖం చూసింది. పాదాలు తాకింది. ఆ తర్వాతే మంచం పక్క చోటు ఖాళీగా ఉందని గమనించింది. పెట్టె ఏదీ? పాడు మనసు అప్పుడు కూడా వచ్చినవాళ్ల చేతుల వంక చూసింది.

అది తన గదిలో, తన దిండు మీద ఉంది. గోడ పట్టుకుంటూ అత్తగారు ఎంతసేపు నడిచారో. ఎవరైనా తెరిచారేమోనని ఆమె వేళ్లు అలవాటుగా మూత అంచులే ముందు తడిమాయి. తాళంచెవి దానికే ఉంది. ఒక చుట్టు తిప్పి కూడా ఉంది, మూత ఎత్తడమే తరువాయి.