సైదవ్వ ముక్కు

చౌటుప్పల్ మందుల కంపెనీకాడ బస్సు దిగంగనే బషీర్ రోజూ చేసే మొదటి పని మెయిల్ సర్వర్ చూసుడు. ఏం పోయినయి, ఏం వచ్చినయి, దొంగలెవరన్న సొచ్చిండ్రా, అన్నీ చూసినంకనే చాయ్. ఆ గది ఊడ్చే సైదవ్వకు మిషన్లకెళ్లి పోయే ఉత్తరాల వాసన తెలుస్తది. మంచి కబురయితే తడిమట్టి వాసన, బ్యాంకుదయితే సిరా వాసన. కరెంటు పోతే టపా వచ్చిందో లేదో అందరూ ఆమెనే అడుగుతరు.

వారం నుంచి ముక్కిపోయిన నూనె వాసన కొడ్తాంది. ఎవరో బయటోళ్లు ఈ సర్వర్ల జొరబడి లాటరీ ఉత్తరాలు వేలకు వేలు పంపుతున్నరు. దాంతోటి విదేశాలోళ్లు కంపెనీ టపా తీసుకునుడే బంద్ పెట్టిండ్రు. తప్పెవరిదో నాలుగింటికల్లా రాసి పంపాలె, వాని కొలువు ఇయ్యాల్టితోటి ఖతం అన్నడు సేటు.

తప్పు కండ్ల ముందే ఉన్నదాయె. టపా గుమస్తా కృష్ణయ్య ఆఫీసుల పదకొండు మందికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టిచ్చిండు, నరసింహస్వామి పేరు. యాదగిరిగుట్టకు పోయి అది రాసిన చీటీకి పూజ చేయించి, పసుపు రాసి, గోడకు అతికిచ్చిండు.

"తాళంచెవి గోడకు ఏలాడదీస్తివి. గిదేం తెలివి కిష్టన్నా?" అన్నడు బషీర్.

"స్వామి పేరు దొంగలు ముడ్తరా భాయ్?" కృష్ణయ్య నిజంగనే అడిగిండు.

బషీర్‌కు తల బాదుకోవాలనిపిచ్చింది. పన్నెండేండ్లు కూలి మీద చేసి, పోయిన నెలనే పర్మనెంటయిన మనిషి కృష్ణయ్య. బషీర్ ఏం చేస్తడు, తప్పు కృష్ణయ్యదేనని సేటుకు ఉత్తరం రాసి పెట్టుకున్నడు. పదకొండు పాస్‌వర్డ్‌లూ మార్చిండు.

"వాసన ఇంకా వస్తాంది బిడ్డా," అన్నది సైదవ్వ.

"ఇంకెక్కడికెళ్లి అవ్వా? నా పానం తీస్తున్నరు."

సైదవ్వ చీపురు పక్కకు పెట్టి, ఒక్కొక్క బల్ల వాసన చూసుకుంట వచ్చి బషీర్ కుర్చీ కాడ ఆగింది.

"ఈడికెళ్లే."

"నా కాడ ఎందుకుంటది? జర మంచిగ చూడు."

"నా ముక్కుకు మొకమాటముంటదా?"

చిరాకుతోటి తన పేరు మీదున్నయన్నీ తెరిచిండు బషీర్. సర్వర్ పెట్టిన మొదటి రోజు, పనిచేస్తాందో లేదో చూద్దామని 'టెస్ట్' అని ఒక ఖాతా తెరిచిండు. పాస్‌వర్డ్ కూడ 'టెస్ట్' అనే పెట్టిండు. తీసేసుడు మరిచిండు. దొంగలు వారం రోజుల సంది అందులకెళ్లే వస్తున్నరు. శకునం చెప్పే బల్లి కుడితిల పడ్డట్టయింది. సిగ్గుతోటి చెవులు కాలినయి. ఖాతా తీసేసిండు. నూనె వాసన పోయింది.

నాలుగింటికి ఇంక పది నిమిషాలున్నయి. కృష్ణయ్య చాయ్ తెచ్చి బల్ల మీద పెట్టి, "మీరు తిప్పలపడ్తున్నరు భాయ్, నా మూలంగనే," అన్నడు.

బషీర్ ఉత్తరంల కృష్ణయ్య పేరు కొట్టేసి, తన పేరు రాసి, పంపిండు.

"సేటుకేదో పోయింది," అన్నది సైదవ్వ. "తడిమట్టి వాసన."

తెల్లారి బషీర్ బస్సు దిగలే. సంగతి ఎరుకయిన కృష్ణయ్య, గోడ మీది చీటీ తనే పీకి జేబుల పెట్టుకున్నడు. సైదవ్వ గదంత ఊడ్చి బల్లలన్నీ తుడిచింది. ఇంకా తడిమట్టి వాసన వస్తాందని బషీర్ కుర్చీ ఒక్కటి మాత్రం తుడవలే.