ఓర్విల్ ప్రోగ్రాము, లోర్న్ అప్‌డేటు

మంచు మీద బరువైన రాళ్ళు జార్చి ఆడే ఆట కర్లింగ్. మా ఊరి కర్లింగ్ క్లబ్బు టోర్నమెంటులో ఎవరు ఎవరితో, ఏ పూట, ఏ మంచు పట్టీ మీద ఆడాలో తేల్చేది ఓర్విల్ ప్రోగ్రాము. మా క్లబ్బు పెద్దాయన ఓర్విల్ దాన్ని ఎప్పుడో సొంతంగా రాసుకున్నాడు. ఎవరి ఆవులు ఎప్పుడు ఈనుతాయో, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో కూడా డేటాబేస్‌లో ఎక్కించి పెట్టాడు.

ఈ చలికాలం క్లబ్బు కంప్యూటరు చచ్చింది. కొత్తది కొని, దాన్ని నడిపించే లినక్సు సిస్టమ్ కూడా కొత్తదే వేశాం. ఓర్విల్ ప్రోగ్రాము మాత్రం లేవనంటే లేవనంది. మా ప్రెసిడెంటు మాక్సీన్ తేల్చి చెప్పేసింది.

"శనివారం మధ్యాహ్నం క్లబ్బులో సూపు వేళకి ఆటల జాబితా గోడకెక్కకపోతే వెబ్‌సైటుకి మారిపోదాం. ఏమనుకోకు బాబాయ్."

ఏమీ అనుకోనన్నాడు ఓర్విల్. అబద్ధం. ఆ రోజు నుంచి క్లబ్బులో కాఫీ తాగడానికి కూడా రావడం మానేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

శనివారం పొద్దున ఆయన్ని బలవంతాన లాక్కొచ్చి, నా మరిది లోర్న్‌ని కంప్యూటరు ముందు కూలేశాను.

"ప్రోగ్రాము తప్పేం లేదు వదినా. డేటాబేసే మరీ కొత్తది. ఈయనది పాత పద్ధతిలో పాస్‌వర్డు చెబుతుంటే, అది గుమ్మంలోంచే పొమ్మంటోంది."

"అయితే పాతదే దించు."

"పాత వెర్షనా? నేనా? పరువు పోతుంది వదినా!"

టోస్టరుకి అప్‌డేటు వచ్చిందన్నా లేచి కూర్చునే రకం మా లోర్న్. తిట్టి తిట్టి, పాత వెర్షన్లు భద్రపరిచే చోట ఆ కాలం నాటి డేటాబేస్‌ని వెతికించాను. దాన్ని ఎక్కించి, ఓర్విల్ దాచుకున్న డేటా కాపీని అందులో పోశాం. ప్రోగ్రాము తెరుచుకుంది! ఓర్విల్ కుర్చీ దగ్గరకు జరుపుకున్నాడు.

నేను కాఫీ తెచ్చేలోగా అది మళ్ళీ మూతబడింది.

"ఏం చేశావురా?"

"ఏం లేదు వదినా... పనైపోయింది కదా అని చివర్లో ఒకసారి అన్నీ అప్‌డేటు చేశా. అలవాటు."

అలవాటట! ఆ అప్‌డేటు పాత డేటాబేస్‌ని పీకేసి కొత్తదాన్ని కూర్చోబెట్టింది. కూర్చున్నది ఊరుకోకుండా డేటానంతా తన పద్ధతిలోకి మార్చేసుకుంది. ఇక పాతది తిరిగొచ్చినా చదవలేదు. వంటగదిలోంచి సూపు వాసన రానే వచ్చింది.

"పోనీలే అమ్మాయ్. వెబ్‌సైటూ బాగానే ఉంటుంది," అంటూ ఓర్విల్ కోటు అందుకున్నాడు.

"కూర్చో బాబాయ్! ఆ కాపీ మళ్ళీ ఇలా ఇవ్వు."

కొత్తదాన్ని, అది పాడుచేసిన డేటాతో సహా తుడిచేశాం. పాతదాన్ని దించి, ఈసారి వెంటనే తాళం వేయించాను. ఎవరు ఏ అప్‌డేటు చేసినా ఈ ఒక్కదాన్నీ ముట్టుకోవద్దని సిస్టమ్‌కి ఆజ్ఞ అన్నమాట. ఆ తాళం నేను మొదటిసారే వేయించి ఉండాల్సిందని లోర్న్ ఇప్పటికీ సణుగుతాడు. సణగనివ్వండి.

కాపీ పోశాం. ప్రింటరు కదిలింది. మాక్సీన్ గరిటె చేత్తోనే వచ్చి జాబితాను గోడకు అంటించింది. జనం మూగారు.

"ఓర్విల్ బాబాయ్! మళ్ళీ మాకే తెల్లారగట్ల ఆటా? మా మీద ఏం పగయ్యా నీకు?"

"మాకు ఆ చివరి పట్టీ ఇచ్చావేం? అక్కడ మంచు వంకర!"

"ఇంతకంటే వెబ్‌సైటే నయం!" అన్నాడెవడో వెనక నుంచి.

ఇన్నాళ్ళూ క్లబ్బుకి మొహం చాటేసిన ఓర్విల్ కుర్చీలోంచి దిగ్గున లేచాడు.

"ఎవడ్రా అన్నది? పొద్దున్నే లేవలేనివాడివి నీకు ఆటెందుకురా? దుప్పటి కప్పుకుని పడుకో పో!"

హాలంతా పకపకా నవ్వింది. వెబ్‌సైటుతో ఇలా పోట్లాడగలరా ఎవరైనా? ఆయన మొహం వెలిగిపోతుంటే నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అందరితో దెబ్బలాడుతూనే సూపు వరసలో నిలబడ్డాడు ఓర్విల్. నేనూ ఆయన వెనకే నిలబడి, మా జట్టుకి కూడా ఆ తెల్లారగట్ల పాడువేళే ఎందుకు ఇచ్చాడని గట్టిగా నిలదీశాను.