కొత్త లెన్సుకు నా ముఖం

“ముఖం కడుక్కోకు. అలాగే వచ్చి నిలబడు,” అని డాబా మీంచి కేకేశారు మా ఆయన. గిన్నెల సబ్బు నురగ నా మోచేతుల దాకా ఉంది. ఇంట్లోకి కొత్త జూమ్ లెన్సు వచ్చిందంటే నాకు మూడినట్టే. ఆయన కెమెరా లెన్సుల మీద వీడియోలు చేస్తారు. పాతదాంతో ఒక ఫోటో, కొత్తదాంతో ఒక ఫోటో, రెండింట్లోనూ నేనే. కిందటిసారి ఊరంతటికీ చూపించారు: “చూడండి, పాతదాంట్లో మా ఆవిడ పెళ్లికూతురు. కొత్తదాంట్లో కంటికింద ముడతలు లెక్కపెట్టుకోవచ్చు!” చూసినవాళ్లంతా పగలబడి నవ్వారు. నాకు చచ్చేంత సిగ్గేసింది. అత్తగారితో చెప్పుకుంటే, “మొగుడికి ఆ మాత్రం సాయం చేస్తే అరిగిపోతావా?” అన్నారు. అరిగిపోయానమ్మా, ఆయన జూమ్ చేసి మరీ చూపిస్తున్నది అదే కదా!

ఆయనకు తెలియని సంగతి ఒకటుంది. ఆయన బీరువాలో పడేసిన పాత లెన్సు, ఆయన ఇంట్లో లేనప్పుడు కెమెరాకు బిగించుకుంటే, బట్టలారేయడానికి డాబా ఎక్కినప్పుడల్లా నాతోపాటు వచ్చేది. రోకలంత బరువు. జూమ్ తిప్పాలంటే మణికట్టు నొప్పెట్టేది. కిందికి వంచితే గొట్టం దానంతటదే జారిపోయేది. ఫోకస్ గర్రుమంటూ ముందుకీ వెనక్కీ పోయి, ఎప్పటికో కుదురుకునేది. అయితేనేం, ఇద్దరు పిల్లల్ని చంకనేసుకుని వంట చేసిన చేతులు నావి, వణకవు. ఎదురుగా కడుతున్న మేడ మీద పెద్ద క్రేన్ ఉంది. దాన్ని నడిపేది ఒక ఆడమనిషని ఈ వీధిలో నా ఒక్కదానికే తెలుసు. ఆమెను ఎన్నిసార్లు తీశానో! అన్నీ ఆయన వచ్చేలోగా చెరిపేసేదాన్ని. “నీకెందుకే ఇవన్నీ” అనే ఒక్క మాటకు భయపడి. ఆమె ఫోటో ఒక్కటైనా నాదిగా మిగలాలని ఎంత కోరికో.

చేతులు తుడుచుకుని పైకి వెళ్లాను. స్టాండు మీద ఫోనులో లైవ్ మొదలైపోయింది. “ఆ గోడ దగ్గర నిలబడు. ఎండ పక్కనుంచి పడితే మొటిమల గుంటలు బాగా తేలతాయి,” అన్నారు, అందరూ వింటుండగానే. ఒళ్లు మండిపోయింది. గోడ దగ్గరికి వెళ్లలేదు. తిన్నగా వెళ్లి ఆయన చేతిలోంచి కెమెరా తీసుకున్నాను.

“ఈసారి నేను తీస్తాను.”

“లైవ్‌లో ఉన్నాం, పిచ్చి వేషాలేయకు,” అన్నారు, ఫోనుకేసి నవ్వుతూనే పళ్లు బిగించి.

“లైవ్‌లో ఉన్నామనే.”

ముందు, పోలికకని ఆయన తెచ్చిపెట్టుకున్న ఆ పాత లెన్సు. క్రేన్ తిరుగుతోంది. ఫోకస్ దొరికేసరికి ఆమె ముఖం అటు తిరిగిపోయింది. ఆగాను. క్రేన్ మళ్లీ ఇటు తిరిగి నిలిచాక నొక్కాను. చెక్కినట్టు వచ్చింది. తరవాత కొత్తది. అబ్బ, ఎంత తేలికో! చప్పుడే లేదు. క్రేన్ తిరుగుతుండగానే ఫోకస్ ఆమె కంటిని పట్టేసుకుంది. రెండు ఫోటోలూ ఫోనుకు చూపించి చెప్పాను: “కదలని వస్తువుకు పాతది చాలండీ, డబ్బు తగలేసుకోకండి. కదిలే మనిషి కావాలంటే మాత్రం కొత్తది కొనాల్సిందే. పెళ్లాం ముడతలు చూడ్డానికైతే ఏ లెన్సూ అక్కర్లేదు.”

కొత్త ఫోటోలో ఆమె పళ్లన్నీ కనపడేలా నవ్వుతోంది. మమ్మల్ని చూసేసిందేమో, క్రేన్ గది కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఎప్పుడొచ్చారో, అత్తగారు నా భుజం మీంచి తొంగిచూస్తున్నారు. “ఏదీ, ఇలా చూపించు. ఓసి నీ అసాధ్యం కూలా, ఆడపిల్లే! అంత ఎత్తునా!” అంటూ తనూ చెయ్యి ఊపేశారు.

ఫోనులో చూసేవాళ్ల మాటలు వరసగా వచ్చిపడుతున్నాయి. “ఎవరండీ ఈవిడ, ఇన్నాళ్లూ ఎక్కడ దాచారు?” “వచ్చేవారం కూడా ఈవిడే చెప్పాలి.” మా ఆయన అన్నీ చదివారు. గొంతు తగ్గించి, “సరే, బాగానే ఉంది. ఇక ఇలా ఇవ్వు, మిగతాది నేను చూసుకుంటా,” అని చెయ్యి చాపారు.

క్రేన్ మళ్లీ తిరగడం మొదలెట్టింది. నేను కెమెరా మీంచి కన్ను తియ్యలేదు.

“ఇవ్వనండీ. కొత్తది నేను ఉంచుకుంటున్నాను. మీరు ఆ పాతది తీసుకుని నా పక్కన నిలబడండి, మెల్లగా అలవాటవుతుంది.”